ఊరికి శకునం చెప్పే బల్లి

మా బాబాయి కూతురు హైదరాబాద్‌లో ఎంఏ చదువుతోంది. మొన్న రాత్రి పన్నెండు దాటాక వాట్సాప్‌లో మెసేజ్ పెట్టింది. ‘అన్నయ్యా, ఐక్యరాజ్యసమితిలో జాబ్ కొట్టాలంటే ఏం చేయాలి? ఒకసారి లోపలికెళ్తే ఇక లైఫ్ సెటిలే కదా?’

నేను మాటలేమీ రాయకుండా ఒక ఫోటో పంపాను. అందులో జనం గుంపుగా నిలబడి ఉన్నారు. చేతుల్లో ప్లకార్డులు. వెనకాల జెండాల వరుస.

‘ఎవరు వీళ్లు?’ అంది.

‘నువ్వు చేరదామనుకుంటున్న ఆఫీసు వాళ్లే.’

రెండు నిమిషాలు ఏమీ రాలేదు. తర్వాత, ‘అదేంటి, యూఎన్‌లో కూడా యూనియన్లుంటాయా?’

ఉంటాయమ్మా. బాగానే ఉంటాయి. ఎందుకుంటాయో తెలుసుకుంటే ఆ కొలువు అసలు సంగతి సగం తెలిసినట్టే. తనకు వాట్సాప్‌లో చెప్పలేనంత పెద్ద కథ కాబట్టి ఈ వారం ఇక్కడ చెబుతున్నా.

కుర్చీ కాలు విరిగిన చోట

స్విట్జర్లాండ్‌లో జెనీవా. సమితి ఐరోపా కార్యాలయం గేటు ముందు ఒక పెద్ద చౌరస్తా ఉంటుంది. అక్కడ 12 మీటర్ల ఎత్తున చెక్క కుర్చీ ఒకటి నిలబడి ఉంటుంది. నాలుగు కాళ్లలో ఒకటి సగానికి విరిగిపోయి ఉంటుంది. మందుపాతరల వల్ల కాళ్లు పోగొట్టుకున్నవాళ్ల గుర్తుగా 1997లో పెట్టారు. జెనీవా వెళ్లినవాళ్లంతా దాని ముందు సెల్ఫీ దిగాల్సిందే.

2025 మే 1న ఆ చౌరస్తాలోకి సమితి ఉద్యోగులు వందల మంది వచ్చారు. శరణార్థుల కోసం పనిచేసేవాళ్లు, కార్మికుల హక్కుల మీద రిపోర్టులు రాసేవాళ్లు, అనువాదకులు, గుమాస్తాలు. మామూలుగా ఆ చోట ఏదో ఒక దేశం నుంచి వచ్చినవాళ్లు సమితికి మొర పెట్టుకుంటూ కనిపిస్తారు. ఆ రోజు సమితి లోపలివాళ్లే బయటికొచ్చి మొర పెట్టుకున్నారు. రోలు వెళ్లి మద్దెలతో చెప్పుకున్నట్టు.

విషయం ఏంటంటే, ఆ ఏడాది మార్చిలో సెక్రటరీ జనరల్ ఆంటోనియో గుటెరస్ ‘యూఎన్80’ అని ఒక సంస్కరణల కార్యక్రమం ప్రకటించారు. సమితికి 80 ఏళ్లు నిండుతున్నాయి కాబట్టి ఆ పేరు. పేరు పుట్టినరోజు పండగలా ఉంది గానీ లోపల ఉన్నది కత్తెర. సెక్రటేరియట్‌లో సిబ్బందిని దాదాపు 20 శాతం తగ్గించేలా ప్రతిపాదనలు ఇవ్వమని డిపార్ట్‌మెంట్లకు చెప్పారు. న్యూయార్క్, జెనీవా లాంటి ఖరీదైన ఊళ్ల నుంచి ఏయే పనులు నైరోబీ లాంటి చోట్లకు పంపొచ్చో జాబితా తీయమన్నారు. అదే ఏడాది సెప్టెంబరులో 2026 బడ్జెట్‌కు పెట్టిన సవరించిన ప్రతిపాదనలో ఖర్చు 15 శాతం పైన, పోస్టులు దాదాపు 19 శాతం కోసేశారు.

శరణార్థుల సంస్థ యూఎన్‌హెచ్‌సీఆర్ అయితే ఒక్కటే 3,500 పోస్టులు తీసేస్తున్నట్టు జూన్‌లోనే చెప్పేసింది.

ఎందుకు ఇదంతా? డబ్బుల్లేవు. సమితికి ఖజానా, పన్నులు, అప్పుపత్రాలు ఏవీ ఉండవు. సభ్య దేశాలు ఇచ్చే వాటాలే ఆధారం. అందులో 22 శాతం అమెరికా ఇవ్వాలి. 20 శాతం చైనా ఇవ్వాలి. అమెరికా బకాయిలు 2025లో 150 కోట్ల డాలర్ల దాకా పేరుకున్నాయి. చైనా కడుతుంది గానీ ఆలస్యంగా కడుతుంది. అపార్ట్‌మెంట్‌లో ఇద్దరు పెద్ద ఫ్లాట్ల ఓనర్లు మెయింటెనెన్స్ ఎగ్గొడితే వాచ్‌మన్ జీతం ఆగినట్టు.

ఇక్కడ ఒక లెక్క చెబితే ఆశ్చర్యపోతారు. 2025కి సమితి సాధారణ బడ్జెట్ దాదాపు 372 కోట్ల డాలర్లు. మన రూపాయల్లో 32 వేల కోట్లకు అటూ ఇటూ. తెలంగాణ బడ్జెట్ 2025-26లో 3 లక్షల కోట్లు దాటింది. ఆంధ్రప్రదేశ్‌దీ అంతే. అంటే శాంతి పరిరక్షక దళాల ఖర్చు, విరాళాలతో నడిచే సంస్థలు పక్కన పెడితే, ప్రపంచం మొత్తానికి ఉన్న ఈ ‘ప్రభుత్వం’ మన ఒక్క రాష్ట్రం ఖర్చులో పదో వంతుతో నడుస్తోంది. దాంట్లోనూ కోత.

ఈ కోతల కథలో నాకు అన్నిటికంటే వింతగా అనిపించిన మనిషి ఇంకొకరున్నారు. యూఎన్80 టాస్క్‌ఫోర్స్‌కి నాయకత్వం వహిస్తున్నది గై రైడర్. ఎవరీయన? బ్రిటన్ కార్మిక సంఘాల్లో పని నేర్చుకున్నాడు. 2006 నుంచి 2010 దాకా ప్రపంచ కార్మిక సంఘాల సమాఖ్య ఐటీయూసీకి ప్రధాన కార్యదర్శి. ఆ తర్వాత 2012 నుంచి పదేళ్లు అంతర్జాతీయ కార్మిక సంస్థ, అదే ఐఎల్ఓ, అధిపతి. జీవితమంతా యూనియన్ వైపు కూర్చున్న మనిషి ఇప్పుడు టేబుల్‌కి అవతలి వైపు కూర్చున్నాడు. 2025 జులైలో జెనీవాలో సమితి ఉద్యోగుల యూనియన్ సభ పెట్టింది. దాదాపు 600 మంది వచ్చారు. గుటెరస్ మీద, రైడర్ మీద, ఆ సంస్కరణల మీద అవిశ్వాసం ప్రకటిస్తూ తీర్మానం చేశారు. భారీ మెజారిటీతో నెగ్గింది.

దానికి చట్టపరంగా విలువేమీ లేదు. పదవి పోదు, కోత ఆగదు. అయినా చేశారు. ఎందుకు? ఇంకో దారి పెద్దగా లేదు కాబట్టి.

కోర్టుకెక్కలేని ఉద్యోగం

ఇక్కడే మా చెల్లికి తెలియని సంగతి ఉంది.

హైదరాబాద్‌లో ఒక కంపెనీ మీ జీతం ఆపేసిందనుకోండి. లేబర్ కమిషనర్ ఉంటాడు. లేబర్ కోర్టు ఉంటుంది. హైకోర్టు ఉంటుంది. న్యాయం ఎన్నేళ్లకు దొరుకుతుందో తర్వాత సంగతి, వెళ్లడానికి ఒక గుమ్మం అంటూ ఉంది.

జెనీవాలో సమితి ఉద్యోగికి స్విస్ కోర్టు గుమ్మం లేదు. న్యూయార్క్‌లో ఉద్యోగికి అమెరికా కోర్టు గుమ్మం లేదు. 1946 నాటి ఒప్పందం ప్రకారం ఏ దేశపు కోర్టూ సమితిని బోనులో నిలబెట్టలేదు. దానికి కారణం మంచిదే. లేకపోతే ప్రతి దేశమూ తన కోర్టుల ద్వారా సమితి మెడ వంచాలని చూస్తుంది. కానీ ఆ రక్షణ నీడలో ఉద్యోగి ఒంటరివాడయ్యాడు. స్విస్ కార్మిక చట్టం అతనికి వర్తించదు. తన సొంత దేశం చట్టమూ వర్తించదు. మరి ఎవరి దగ్గరికి వెళ్లాలి? సమితి తనంతట తాను పెట్టుకున్న ట్రిబ్యునళ్ల దగ్గరికి. రూల్ రాసేదీ అదే, జీతం ఇచ్చేదీ అదే, జడ్జిని నియమించేదీ అదే.

ఉద్యోగం పోతే ఏమవుతుంది? అమెరికాలో హెచ్-1బీ మీద ఉన్నవాళ్లకు లేఆఫ్ అయితే 60 రోజుల గడువు. ఆ 60 రోజులు ఎలా గడుస్తాయో తెలుగిళ్లలో చాలామందికి అనుభవమే. న్యూయార్క్‌లో సమితి ఉద్యోగులు ఉండేది జీ-4 వీసా మీద. పోస్టు పోతే సాధారణంగా వాళ్లకుండే గడువు 30 రోజులు. పిల్లల స్కూలు, ఇంటి అద్దె ఒప్పందం, భర్తకో భార్యకో ఆ వీసా మీదే ఉన్న ఉద్యోగం, అన్నీ ఆ నెలలోనే సర్దుకోవాలి.

‘పర్మనెంట్ కదా’ అంటుంది మా చెల్లి. 2009లో సమితి కాంట్రాక్టుల విధానం మార్చింది. టెంపరరీ అంటే ఏడాదిలోపు. ఫిక్స్‌డ్ టర్మ్ అంటే 1 నుంచి 5 ఏళ్లు. కంటిన్యూయింగ్ అని మూడోది, అది అందరికీ దొరకదు. ఫిక్స్‌డ్ టర్మ్ కాగితం మీద ఒక మాట ఉంటుంది, దీన్ని రెన్యూ చేస్తారని ఆశ పెట్టుకోవద్దని. పదిహేనేళ్లు అలా రెండేసి ఏళ్ల చొప్పున పొడిగించుకుంటూ వచ్చినా ఆ మాట అలాగే ఉంటుంది. నీలి జెండా కింద కూడా గాలిలో దీపమే.

‘రివర్స్ పీఆర్సీ’ జెనీవాలో

ఇప్పుడు వెనక్కి వెళ్దాం. ఉద్యోగులు ఒకసారి గెలిచారు. ఎలా గెలిచారో చూస్తే అసలు గొడవ ఎక్కడుందో తెలుస్తుంది.

సమితి ఉద్యోగి జీతానికి రెండు ముక్కలు. ఒకటి బేసిక్. ప్రపంచమంతా ఒకటే. రెండోది ఉండే ఊరి ఖర్చును బట్టి ఇచ్చేది, దాన్ని పోస్ట్ అడ్జస్ట్‌మెంట్ అంటారు. మన ప్రభుత్వ ఉద్యోగుల హెచ్‌ఆర్‌ఏ, డీఏ రెండూ కలిపితే ఎలా ఉంటుందో అలాంటిది. ఊరి ఖర్చు లెక్కగట్టేది ఇంటర్నేషనల్ సివిల్ సర్వీస్ కమిషన్. 15 మంది సభ్యులు. న్యూయార్క్‌లో ఉంటుంది. 1974లో జనరల్ అసెంబ్లీ పెట్టింది. మన పీఆర్సీ లాంటిదే, కాకపోతే ఎప్పటికీ నడుస్తూనే ఉంటుంది.

2016లో ఈ కమిషన్ జెనీవాలో ధరల సర్వే చేసింది. 2017లో లెక్క తేల్చింది, జెనీవాలో ఉద్యోగులకు ఎక్కువ ఇస్తున్నాం, దాదాపు ఏడున్నర శాతం తగ్గించాలని. ప్రపంచంలోనే ఖరీదైన ఊళ్ల జాబితాలో ఎప్పుడూ పైన కనిపించే జెనీవాలో! జనం ఊరుకోలేదు. జెనీవా సంస్థల సొంత గణాంక నిపుణులే కూర్చుని కమిషన్ లెక్కల్లో తప్పులున్నాయన్నారు. యాజమాన్యాలు కూడా అనుమానాలు వ్యక్తం చేశాయి. కమిషన్ కొంచెం దిగి, కోతను ఐదు శాతం దగ్గరికి తెచ్చింది. అమలు 2018లో మొదలైంది.

మన దగ్గర 2022 జనవరిలో ఆంధ్రప్రదేశ్ ఉద్యోగులు పీఆర్సీ జీవోలు చూసి ‘ఇది పీఆర్సీ కాదు, రివర్స్ పీఆర్సీ’ అన్నారు గుర్తుందా? అప్పటికే చేతికొస్తున్న మధ్యంతర భృతి 27 శాతం, ఇచ్చిన ఫిట్‌మెంట్ 23 శాతం. పైగా హెచ్‌ఆర్‌ఏ స్లాబులు తగ్గించారు. ఫిబ్రవరి 3న ‘ఛలో విజయవాడ’ అని రోడ్లు నిండిపోయాయి. జెనీవా ఉద్యోగులకు అలాంటి దెబ్బే తగిలింది. 2018 మార్చిలో వాళ్లూ పని ఆపి బయటికొచ్చారు. మానవ హక్కుల మండలి సమావేశాలు జరుగుతున్న రోజులవి. ఐఎల్ఓ ఉద్యోగులు కూడా అదే నెలలో సమ్మె చేశారు.

ఐఎల్ఓ అంటే మామూలు ఆఫీసు కాదు. 1919లో పుట్టింది. భారతదేశం వ్యవస్థాపక సభ్యదేశం. సంఘం పెట్టుకునే హక్కు గురించి 1948లో, యాజమాన్యంతో సమష్టిగా బేరమాడే హక్కు గురించి 1949లో ప్రపంచానికి ఒప్పందాలు రాసిచ్చిన ఇల్లు అది. ఆ ఇంట్లోనే సమ్మె. ఊరందరికీ శకునం చెప్పే బల్లి కుడితి తొట్టిలో పడ్డట్టు అంటారే, అచ్చం అదే. అప్పుడు ఆ ఇంటి పెద్ద ఎవరు? గై రైడరే.

ఉద్యోగులు ఐఎల్ఓ అడ్మినిస్ట్రేటివ్ ట్రిబ్యునల్‌కి వెళ్లారు. ఇది పాతది, నానాజాతి సమితి కాలం నాటిది. 1927 నుంచి ఉంది. 50కి పైగా అంతర్జాతీయ సంస్థల ఉద్యోగుల కేసులు అక్కడికే వస్తాయి. వాదన ధరల సర్వే తప్పా ఒప్పా అన్న దగ్గర తేలలేదు. ట్రిబ్యునల్ అంతకంటే మొదటి ప్రశ్న అడిగింది. అసలు ఈ కోత వేసే అధికారం కమిషన్‌కి ఎవరిచ్చారు?

కమిషన్ నిబంధనల పుస్తకం తెరిచారు. పోస్ట్ అడ్జస్ట్‌మెంట్ రేట్ల మీద జనరల్ అసెంబ్లీకి సిఫార్సు చేయొచ్చు అని ఉంది. తనంతట తాను తేల్చేయొచ్చని లేదు. దశాబ్దాలుగా అలా చేసుకుంటూ పోతున్నారు, ఎవరూ అడగలేదు, అంతే. 2019 జులై 3న తీర్పు వచ్చింది. కోత చెల్లదు. ఆపిన డబ్బు వెనక్కివ్వాలి.

ఆ తేదీ చూడండి. అది ఐఎల్ఓ వందో పుట్టినరోజు ఏడాది. జూన్ 21న ప్రపంచ దేశాల ప్రతినిధులంతా కూర్చుని పనికి భవిష్యత్తు, పనిలో గౌరవం అంటూ శతాబ్ది ప్రకటన చేశారు. రెండు వారాలు తిరక్కుండా, సొంత ఉద్యోగుల జీతం కోయడంలో ఆ సంస్థ చట్టం తప్పిందని దాని సొంత ట్రిబ్యునలే చెప్పింది.

అయితే కథ అక్కడ అయిపోలేదు. ఐఎల్ఓ, డబ్ల్యూహెచ్‌ఓ, ఐటీయూ లాంటి సంస్థలు ఈ ట్రిబ్యునల్ కిందికి వస్తాయి. మానవ హక్కుల కార్యాలయం, అంక్టాడ్, యూఎన్‌హెచ్‌సీఆర్ లాంటివి రావు. వాటి ఉద్యోగులకు సమితి సొంత ట్రిబ్యునళ్లు వేరే ఉన్నాయి. అవి కోతను సమర్థించాయి. ఫలితం ఏమిటంటే, ఒకే ఊళ్లో, ఒకే బస్సులో పనికెళ్లే, ఒకే గ్రేడు ఉన్న ఇద్దరు మనుషులకు రెండు జీతాలు. ఒకరికి కోత ఉంది, ఇంకొకరికి లేదు. ‘సమాన పనికి సమాన వేతనం’ అని మన కాంట్రాక్ట్ లెక్చరర్లు, ఔట్‌సోర్సింగ్ నర్సులు పట్టుకునే బ్యానర్‌ని జెనీవాలో సూట్లు వేసుకున్నవాళ్లు పట్టుకోవాల్సి వచ్చింది.

తర్వాత జనరల్ అసెంబ్లీ ఏం చేసిందో తెలుసా? కమిషన్ నిబంధనల పుస్తకాన్నే సవరించింది. లేని అధికారాన్ని రాసిచ్చింది. ఆటలో ఓడిపోయాక రూల్ మార్చినట్టు అనిపిస్తుంది మనకు. వాళ్లు మాత్రం గందరగోళం తీసేశాం అంటారు.

‘అంత జీతం తీసుకుంటూ ఏడుపెందుకు?’

ఇది చదువుతున్న మీలో కొందరికి ఈ ప్రశ్న వచ్చే ఉంటుంది. నాకూ వచ్చింది. న్యాయమైన ప్రశ్నే.

సమితిలో ప్రొఫెషనల్ గ్రేడు ఉద్యోగి జీతం ప్రపంచంలో బాగా ఇచ్చే ప్రభుత్వ సర్వీసుతో పోల్చి కడతారు. ఆచరణలో అది అమెరికా ఫెడరల్ సర్వీసు. చాలామందికి ఆ జీతం మీద దేశాల ఆదాయపు పన్ను ఉండదు. పిల్లల చదువుకు గ్రాంటు ఉంటుంది. కరవు ప్రాంతంలో బియ్యం పంచాల్సిన డబ్బు తగ్గిపోతుంటే, జెనీవాలో ఐదు శాతం కోసం సమ్మె ఏంటని అడగడం తప్పేమీ కాదు.

పనులు నైరోబీకి పంపడం గురించి కూడా నాకు రెండు మాటలున్నాయి. అన్ని పెద్ద కొలువులూ న్యూయార్క్, జెనీవాల్లోనే ఎందుకుండాలి? ఆఫ్రికా గురించి తీసుకునే నిర్ణయాలు ఆఫ్రికాలో తీసుకుంటే మంచిదే కదా? యూనియన్లు ఈ మాటకు సూటిగా జవాబు చెప్పాలి. ఇల్లు మారడం కష్టం అన్నది నిజమే గానీ అదొక్కటే జవాబు కాకూడదు.

ఇంకో లోపం కూడా ఉంది. యూనియన్లు గట్టిగా నిలబడేది ఉద్యోగం ఉన్నవాళ్ల కోసమే. సమితి పని చాలా వరకు కన్సల్టెంట్ల మీద, కొన్ని నెలల కాంట్రాక్టుల మీద నడుస్తుంది. వాళ్లకు ఆ ట్రిబ్యునళ్ల తలుపు కూడా తెరుచుకోదు. ఇంటర్న్‌ల సంగతి సరేసరి. ఐఎల్ఓ ఇంటర్న్‌లకు స్టైఫండ్ ఇస్తుంది. సమితి సెక్రటేరియట్ ఇవ్వదు. 2015లో జెనీవాలో ఒక ఇంటర్న్ అద్దె కట్టలేక సరస్సు ఒడ్డున గుడారం వేసుకున్నాడని ఫోటోలు ప్రపంచమంతా తిరిగాయి. జనం దృష్టి పడాలనే అలా చేశానని అతనే తర్వాత చెప్పాడు. దృష్టి పడింది, కానీ సెక్రటేరియట్‌లో స్టైఫండ్ మాత్రం రాలేదు. జెనీవాలో ఆరు నెలలు సొంత డబ్బుతో బతకగలిగే ఇళ్ల పిల్లలే ఆ ఇంటర్న్‌షిప్ చేయగలరు. మన ఖమ్మం అమ్మాయో, కర్నూలు అబ్బాయో ఎలా చేస్తారు? సంస్కరణ అంటే ముందు ఇక్కడ మొదలవ్వాలని నా అభిప్రాయం.

ఇవన్నీ ఒప్పుకున్నాక కూడా ఒకటి మిగులుతుంది. జీతం ఎంతన్నది వేరే గొడవ. ఆ మనిషిని ఎవరు, ఎప్పుడు, ఏ కారణంతో తీసేయగలరు అన్నది వేరే గొడవ. సమితి లాంటి చోట రెండోది మన అందరికీ సంబంధించింది.

1952లో జరిగింది

అమెరికాలో కమ్యూనిస్టు భూతం పట్టిన రోజులవి. ఎవరిని చూసినా అనుమానం. సెనేట్ ఉపసంఘం ఒకటి న్యూయార్క్‌లోని సమితి ఆఫీసు మీద పడింది. అక్కడ పనిచేసే అమెరికన్లను పిలిచి, నువ్వు కమ్యూనిస్టువా, నీకు తెలిసినవాళ్లలో ఎవరు కమ్యూనిస్టులు అని అడిగింది. కొందరు జవాబు చెప్పం అన్నారు. అలా మౌనంగా ఉండే హక్కు వాళ్ల రాజ్యాంగమే ఇచ్చింది. అప్పటి సెక్రటరీ జనరల్ ట్రిగ్వే లీ ఒత్తిడికి లొంగి వాళ్లను ఉద్యోగం నుంచి తీసేశాడు.

సమితి చార్టర్ 100వ అధికరణం ఏమంటుంది? సమితి ఉద్యోగి ఏ ప్రభుత్వం దగ్గరా ఆదేశాలు తీసుకోకూడదు. ప్రభుత్వాలు కూడా వాళ్ల మీద ఒత్తిడి తేకూడదు. అమెరికా భూమి మీదున్న ఆఫీసులో ఆ మాట మొదటి ఏడేళ్లలోనే మంట గలిసింది.

తీసేసినవాళ్లు సమితి ట్రిబ్యునల్‌కి వెళ్లారు. 1953లో ట్రిబ్యునల్ 11 మందికి పరిహారం ఇవ్వమంది. అమెరికా ఒప్పుకోలేదు. ఆ డబ్బు జనరల్ అసెంబ్లీ మంజూరు చేయకూడదని పట్టుబట్టింది. చివరికి సంగతి హేగ్‌లోని అంతర్జాతీయ న్యాయస్థానం దాకా వెళ్లింది. 1954 జులై 13న ఆ కోర్టు తేల్చి చెప్పింది. ట్రిబ్యునల్ ఇచ్చిన తీర్పును అమలు చేయనని చెప్పే హక్కు జనరల్ అసెంబ్లీకి లేదు.

ఆ రోజు ఆ 11 మంది వెనక్కి తగ్గి ఉంటే? ఏ పెద్ద దేశమైనా ఫోన్ చేసి ‘ఫలానా ఉద్యోగిని తీసేయ్’ అంటే తీసేయడం అలవాటయ్యేది. అప్పుడు యుద్ధంలో ఎవరు ఏం చేశారో, ఏ దేశంలో పిల్లలు ఎందుకు చనిపోతున్నారో రాసే రిపోర్టును మనం నమ్మగలమా? రాసేవాడు తన కాంట్రాక్టు డిసెంబరులో రెన్యూ అవుతుందో లేదో లెక్కపెట్టుకుంటూ రాస్తాడు. ఆ లెక్క పడకుండా ఉండటానికే గట్టి ఉద్యోగం కావాలి.

ఇప్పటి కోతల వెనకాల కూడా ఇలాంటి నీడ ఒకటుంది. బకాయిపడ్డ దేశం డబ్బు ఆపితే పోస్టులు పోతాయి. ఏ పోస్టులు పోవాలన్నది తొందరలో, పైవాళ్లు నాలుగు గోడల మధ్య తేలిస్తే, ఆ దేశానికి ఇబ్బంది కలిగించే పనులే ముందు పోయాయా అన్న అనుమానం ఎప్పటికీ పోదు. అలా జరిగిందని నేననడం లేదు. అలా జరగలేదని చూపించగలిగే పద్ధతి ఉండాలంటున్నాను. ఉద్యోగుల ముందు లెక్కలు పెట్టి, వాళ్ల మాట విని, అప్పుడు కత్తెర పట్టుకోవడమే ఆ పద్ధతి. జెనీవా యూనియన్ అవిశ్వాస తీర్మానం వెనకున్న గోల ఇదే, ఇంత పెద్ద మార్పు మాతో సరిగ్గా మాట్లాడకుండా హడావుడిగా తెస్తున్నారని.

ఇక్కడ సమితికీ ఐఎల్ఓకీ ఒక తేడా చెప్పాలి. ఐఎల్ఓలో 2000 నుంచి యాజమాన్యం, యూనియన్ కూర్చుని ఒప్పందాలు రాసుకునే పద్ధతి ఉంది. బల్లి కుడితిలో పడ్డా ఈదడం కొంచెం నేర్చుకుంది. సమితి సెక్రటేరియట్‌లో యూనియన్లతో ‘సంప్రదింపులు’ ఉంటాయి. అంటే పిలుస్తారు, టీ ఇస్తారు, వింటారు. ఆ తర్వాత పైవాళ్లు అనుకున్నది చేస్తారు. గై రైడర్ రెండు ఇళ్లలోనూ ఉన్నాడు. ఏ ఇంటి పద్ధతి మంచిదో ఆయనకు తెలియకపోవడం ఉండదు.

మా చెల్లికి జవాబు

ఇదంతా చెప్పాక ‘అయితే అప్లై చేయొద్దంటావా?’ అంటుంది. కచ్చితంగా అంటుంది.

చెయ్యి. తప్పకుండా చెయ్యి. మన ఊళ్ల నుంచి అక్కడికి వెళ్లేవాళ్లు ఇంకా ఎక్కువ మంది కావాలి. కానీ లైఫ్ సెటిల్ అనుకుని వెళ్లకు. ఆఫర్ లెటర్ వచ్చిన రోజు జీతం కాలమ్ కంటే ముందు కాంట్రాక్టు రకం చూడు. తేడా వస్తే నీ కేసు ఏ ట్రిబ్యునల్‌కి వెళ్తుందో కనుక్కో. జెనీవాలో రెండు జీతాల కథ నీకు తెలుసు కదా, ఆ ఒక్క లైను మీద ఐదు శాతం ఆధారపడి ఉంది.

చేరిన వారంలోనే యూనియన్ ఆఫీసు ఎక్కడుందో కూడా అడుగు. బయట ఏ కోర్టూ లేని చోట అదొక్కటే నీకు దగ్గరి తలుపు. అందులో చేరాక మాత్రం నీ ఐదు శాతం గురించే మాట్లాడి ఊరుకోకు. పక్క డెస్కులో స్టైఫండ్ లేకుండా పనిచేసే ఇంటర్న్ గురించి కూడా నోరు విప్పు.

ఈ కాలమ్ లింకు ఇందాకే తనకు పంపాను. రెండు నీలి టిక్కులు పడ్డాయి. కాసేపటికి రిప్లై వచ్చింది. ‘ఐఎల్ఓ వెబ్‌సైట్ ఓపెన్ చేశా అన్నయ్యా. ఇంటర్న్‌షిప్ పేజీలో స్టైఫండ్ అని ఉంది. అక్కడే అప్లై చేస్తా.’